టెస్టింగ్, యూజబిలిటీ టీమ్ ప్రాజెక్ట్: 61 బగ్‌లు పట్టాం, కానీ ఏం నేర్చుకున్నారంటే నోరు పెగల్లేదు

ఖాళీ_టెస్ట్‌కేస్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొంచెం పొడవుగా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఈ సెమిస్టర్‌లో మాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, యూజబిలిటీ ఎవాల్యుయేషన్ (వాడేవాళ్లకి యాప్ ఎంత తేలిగ్గా ఉందో చూడడం) రెండూ కలిపి ఒకే కోర్సుగా పెట్టారు. ఐదుగురికి ఒక టీమ్. ఇంకో టీమ్ తయారుచేసిన యాప్ మా చేతికిచ్చి పరీక్షించమన్నారు, మాది ఇంకెవరి చేతికో వెళ్లింది. మాకొచ్చింది లైబ్రరీ యాప్. పుస్తకం వెతకడం, రిజర్వ్ చేసుకోవడం, గడువు పెంచుకోవడం, అంతే. ఒక్కొక్కరు 5 పుస్తకాల దాకా తీసుకోవచ్చు, గడువు 14 రోజులు. చూడ్డానికి చిన్నదే.

మొదటి రోజే పని పంచేసుకున్నాం. ఒకరు టెస్ట్ కేసులు (ఏం ఇస్తే ఏం రావాలో చెప్పే పరీక్షలు) రాయాలి, ఇద్దరు వాటిని రన్ చేసి బగ్‌లు ఎక్కించాలి, ఒకరు యూజబిలిటీ చూసుకోవాలి, ఒకరు రిపోర్ట్ రాయాలి. అప్పుడు మహా తెలివైన పని చేశామనుకున్నాం. నాలుగు వారాలయ్యాక రివ్యూ జరిగింది. 61 బగ్‌లు చూపించాం. ఆరుగురు ఫ్రెండ్స్‌తో యాప్ వాడించి ఎస్‌యూఎస్ ఫారం (పది వాక్యాలకి 1 నుంచి 5 దాకా అంకెలు వేస్తే, యాప్ వాడడం ఎంత తేలికో 100కి స్కోరు వచ్చేది) నింపించాం, సగటు 88 వచ్చింది (ఒకరిది మాత్రం 50 వచ్చింది, మరీ తేడాగా ఉందని తీసేశాం). మేడం అంతా విని ఒక్కటే అడిగారు, "88 అంటే యాప్‌లో ఏది బాగున్నట్టు, ఏది బాగోనట్టు?" ఐదుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. యూజబిలిటీ చూసుకున్నవాళ్లకి బగ్‌ల సంగతి తెలీదు, బగ్‌లు ఎక్కించినవాళ్లకి ఆ టెస్ట్ కేసు ఎందుకు రాశారో తెలీదు, రిపోర్ట్ రాసినవాళ్లు అసలు యాప్ తెరిచి చూసింది రెండుసార్లట!

పైగా ఆ యాప్ చేసిన టీమ్ 61లో 34 తిప్పికొట్టారు. డూప్లికేట్ అని కొన్ని, "ఇది బగ్ కాదు, మేం కావాలనే అలా పెట్టాం" అని కొన్ని, "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని మిగతావి. గ్రూప్ చాట్‌లో మాటా మాటా పెరిగి ఇప్పుడు ఎదురుపడితే పలకరింపులు కూడా లేవు. శాంపిల్‌గా మేం రాసిన బగ్ ఒకటి పెడుతున్నా:

"రిజర్వ్ బటన్ సరిగ్గా పనిచేయడం లేదు. అర్జెంట్. సివియారిటీ: హై."

మా టీమ్‌లో ఒకడు అసలు పనే చేయట్లేదు, అది వేరే కథ. ఇంకో నాలుగు వారాలున్నాయి. మార్కుల సంగతి అలా ఉంచితే, ఈసారైనా నిజంగా ఏదైనా నేర్చుకోవాలంటే టీమ్‌గా ఎలా చేయాలి? ఇలాంటి కోర్సు చేసినవాళ్లు గానీ, ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు గానీ చెప్పండి ప్లీజ్.

---

గడప_దాటని_బగ్

పదేళ్లకు పైగా టెస్టింగ్‌లోనే ఉన్నాను. ముందు ఆ శాంపిల్ గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ గొడవంతా అందులోనే ఉంది.

డెవలపర్‌గా నేను దాన్ని చదివితే ఏం చేస్తాను? యాప్ తెరుస్తాను, ఏదో ఒక పుస్తకం మీద రిజర్వ్ నొక్కుతాను, పనిచేస్తుంది, "మా దగ్గర బాగానే ఉంది" అని మూసేస్తాను. అందులో నా తప్పేముంది? ఏ ఖాతాతో, ఏ పుస్తకం మీద, అప్పటికే ఎన్ని రిజర్వ్ అయి ఉండగా, ఏం నొక్కితే, ఏం కనిపించింది, ఏం కనిపించాల్సింది, ఇవేవీ అందులో లేవు. ఉన్నదల్లా మీ కోపమే. ఉదాహరణకి ఇలా రాసి ఉంటే చూడండి: "ఇప్పటికే 5 పుస్తకాలు రిజర్వ్ అయిన ఖాతాతో ఆరో పుస్తకం పేజీలో రిజర్వ్ నొక్కితే ఏ సందేశమూ రావడం లేదు, పేజీ మళ్లీ లోడ్ అవుతోంది, అంతే. పరిమితి అయిపోయిందని చెప్పాలి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇంతే." దీన్ని ఎవరూ అంత తేలిగ్గా తిప్పికొట్టలేరు. ఇంకో మాట, సివియారిటీ అంటే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందని, ప్రయారిటీ అంటే ఎంత తొందరగా బాగుచేయాలని. హోమ్ పేజీలో లైబ్రరీ పేరే తప్పుగా ఉందనుకోండి, దెబ్బ చిన్నదే, కానీ ఈరోజే మార్చాలి. 'అర్జెంట్' అన్న మాటతో రెండింటినీ కలిపేయకండి.

ఇక పని పంచుకున్న తీరు. టెస్ట్ కేసులు ఒక్కరే రాయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అసలు నేర్చుకునేదంతా అక్కడే ఉంటుంది, మిగతాది క్లిక్కులు. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో వేసిన టెస్టింగ్ పుస్తకం మొదట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టాడు: మూడు పూర్ణసంఖ్యలు ఇస్తే అది సమబాహువా, సమద్విబాహువా, విషమబాహు త్రిభుజమా చెప్పే ప్రోగ్రాం ఉంది, దానికి టెస్ట్ కేసులు రాయండి అని. మీ ఐదుగురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా పది నిమిషాలు రాయండి, తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. 1, 2, 3 ఇస్తే త్రిభుజమే కాదని ఎంతమందికి తట్టిందో చూడండి. 1, 2, 4ను మూడు రకాల వరసల్లో ఇచ్చి చూడాలని ఎవరైనా అనుకున్నారా? అన్నీ సున్నాలు? రెండే సంఖ్యలిస్తే? మయర్స్ లిస్టులో అలాంటి ప్రశ్నలు 14 ఉంటాయి. అనుభవం ఉన్న ప్రోగ్రామర్లకే సగటున 7.8 వస్తోందని ఆయనే రాశాడు. కాబట్టి తక్కువ వస్తే ఏడవక్కర్లేదు, మీ పక్కవాడికి తట్టింది మీకెందుకు తట్టలేదో మాట్లాడుకుంటే చాలు.

మీ లైబ్రరీ యాప్‌కే వస్తే, పరిమితి 5 అన్నారు కదా, 5 దగ్గరా 6 దగ్గరా ఆగి చూడండి, 3 దగ్గర పదిసార్లు చేసినా వచ్చేదేం లేదు. గడువు 14 రోజులన్నారు. ఫిబ్రవరి 15న తీసుకున్న పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలి? 2024లో అయితే ఫిబ్రవరి 29, 2025లో అయితే మార్చి 1. చివరి రోజు రాత్రి 11:59కి గడువు పెంచితే ఒప్పుకుంటుందా? సర్వర్ గడియారం ఇంకో టైమ్ జోన్‌లో ఉంటే ఆ 'చివరి రోజు' ఎవరిది? ఒక్క తేదీ చుట్టూ ఇంత ఉంది!

చివరిగా ఒక లెక్క, టీమ్‌కి భలే పనికొస్తుంది. ఇద్దరిద్దరు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, అదే భాగాన్ని టెస్ట్ చేయండి. ఒక జంటకి 12 దొరికాయి, రెండో జంటకి 10, రెండింట్లోనూ ఉన్నవి 6 అనుకుందాం. 12ని 10తో గుణించి 6తో భాగిస్తే 20. అంటే మొత్తం 20 దాకా ఉండొచ్చు, మీరు పట్టుకున్నవి 16, ఇంకా ఓ నాలుగు దాక్కుని ఉన్నాయని అంచనా. చెరువులో చేపలు లెక్కపెట్టడానికి వాడే పద్ధతే ఇది. తేలిగ్గా కనిపించే బగ్‌లు అందరికీ దొరుకుతాయి కాబట్టి ఈ అంచనా అసలు కంటే తక్కువే వస్తుంటుంది, అది గుర్తుంచుకోండి. పని పంచుకుంటే మాత్రం ఈ లెక్కకి అవకాశమే ఉండదు.

---

నోరు_మూసుకుని_చూసేది

నేను యూజబిలిటీ వైపు. పై రిప్లైలో బగ్‌ల గురించి అంతా వచ్చేసింది కాబట్టి వాటి జోలికి పోను.

ఒక్క చిన్న ప్రశ్న. ఆ 50 వచ్చిన మనిషి ఫారం ఇంకా మీ దగ్గరుందా? ఉంటే తీసి చూడండి, పదికి పది 5లే పెట్టి ఉంటారని నా అనుమానం. ఎస్‌యూఎస్‌ని 1986లో జాన్ బ్రూక్ తయారుచేసినప్పుడే పది వాక్యాల్లో ఒకటి మెచ్చుకునేలా, తర్వాతిది తిట్టేలా, అలా మార్చిమార్చి పెట్టాడు. బేసి వాక్యాలకి వేసిన అంకెలోంచి 1 తీసేస్తాం, సరి వాక్యాలకి 5లోంచి ఆ అంకె తీసేస్తాం, అన్నీ కలిపి 2.5తో గుణిస్తాం. అన్నింటికీ 5 పెడితే కచ్చితంగా 50 వస్తుంది. అన్నీ 1 పెట్టినా 50యే, అన్నీ 3 పెట్టినా 50యే. అంటే అతను చదవకుండా గీసుకుంటూ పోయాడన్నమాట. తీసేయడం తప్పు కాకపోవచ్చు, కానీ ఎందుకు తీశారో తెలియకుండా తీయడం మాత్రం తప్పే. ఇంకోటి, 88 అంటే 88 శాతం కాదు. చాలా ప్రాడక్టుల సగటు 68 చుట్టూ ఉంటుంది కాబట్టి దానితో పోల్చి చూడాలి, అంతవరకే. ఏది బాగోలేదో ఎస్‌యూఎస్ చెప్పదు, దాని పని అది కాదు. మీ మేడం అడిగింది సరైన ప్రశ్న.

సరే, ఏది బాగోలేదో ఎలా తెలుస్తుంది అంటే, మనిషి వాడుతుంటే పక్కన కూర్చుని చూడాలి. వినడానికి తేలికే. మొదటిసారి నేను చేసినప్పుడు ఏమైందో చెప్తా. ఒకావిడ ఫారంలో 'సేవ్' వెతుకుతున్నారు. అది పేజీ పైన కుడి మూలన ఉంది, ఆవిడ కింద వెతుకుతున్నారు. కిందకి స్క్రోల్ చేశారు, మళ్లీ పైకొచ్చారు, మళ్లీ కిందకి. ఇరవై సెకన్లు, ముప్ఫై సెకన్లు... నావల్ల కాలేదు, "పైన ఉందండి" అనేశాను. అంతే, ఆ సెషన్ మొత్తంలో దొరకబోయిన ఒకే ఒక్క మంచి విషయాన్ని నా చేత్తోనే చెడగొట్టుకున్నాను. ఆవిడ తర్వాత ఎక్కడికి వెళ్లేవారో, ఏమనుకునేవారో, విసుగొచ్చి మూసేసేవారో ఇక ఎప్పటికీ తెలీదు. "ఇప్పుడు మీ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్తూ ఉండండి" అని ముందే చెప్పి, ఆ తర్వాత మీరు నోరు మూసుకోవాలి. ఇదే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం, నవ్వకండి.

టాస్క్ ఎలా రాశారో కూడా చూసుకోండి. "రిజర్వ్ బటన్ నొక్కి పుస్తకం రిజర్వ్ చేయండి" అని రాస్తే అది టెస్ట్ కాదు, డిక్టేషన్. "మీకు కావాల్సిన పుస్తకం ఇంకెవరి దగ్గరో ఉంది, అది తిరిగి రాగానే మీకే దక్కేలా చూసుకోండి" అని రాయండి, స్క్రీన్ మీదున్న మాట టాస్క్‌లో రాకూడదు. చివర్లో "బాగుందా?" అని అడగకండి. ఫ్రెండ్స్ కదా, బాగుందనే అంటారు. టాస్క్ పూర్తయిందా, ఎంతసేపు పట్టింది, ఎన్నిచోట్ల దారి తప్పారు, ఇవి రాసుకోండి. ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణంలో యూజబిలిటీకి మూడు కాళ్లు ఉంటాయి: పని అవడం, తక్కువ శ్రమతో అవడం, మనిషికి తృప్తి. మీరు మూడోది ఒక్కటే కొలిచారు.

ఎంతమంది కావాలంటే, ఐదుగురు చాలు అన్న మాట మీరు వినే ఉంటారు. అది 1993లో నీల్సన్, ల్యాండావర్ అనే యూజబిలిటీ పరిశోధకులు చూపించిన లెక్క: ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యల్ని బయటపెడితే ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. అంతా ఆ 'బయటపెడితే' మీదే ఉంది. మీ యాప్‌లో ఒక్కొక్కరికి 10 శాతమే బయటపడితే ఐదుగురితో 41 దాటదు. కాబట్టి ముగ్గురితో చేసి, సరిచేయించి, మళ్లీ కొత్త ముగ్గురితో చేయడం మేలు.

---

ఖాళీ_టెస్ట్‌కేస్

@నోరు_మూసుకుని_చూసేది గారూ, ఇప్పుడే ఫారం తీసి చూశా. పదికి పది 5లే!!! వాడికి ఫోన్ చేస్తే "నీ యాప్ కదా, ఫుల్ మార్కులు వేశా" అంటున్నాడు. మా యాప్ కూడా కాదది.

బగ్‌లు మళ్లీ రాయడం మొదలుపెట్టాం. 34లో ఎన్నో మాకే మళ్లీ రావట్లేదు, ఏ ఖాతాతో చేశామో గుర్తులేదు. ఒక డౌట్: యూజర్లని తీసుకురాకుండా మేమే కూర్చుని యూజబిలిటీ సమస్యలు పట్టడం కుదురుతుందా? హ్యూరిస్టిక్స్ (మంచి డిజైన్ సూత్రాలు పెట్టుకుని యాప్‌ని సరిచూడడం) అని సిలబస్‌లో ఉంది కానీ ఐదుగురం ఒకే స్క్రీన్ ముందు కూర్చుంటే ఒకరు మాట్లాడడం, మిగతావాళ్లు తలూపడం, అలాగే అయింది.

---

చాక్‌పీస్_చెయ్యి

ఇలాంటి కోర్సు చెబుతుంటాను, టీచర్ వైపు నుంచి కొన్ని.

హ్యూరిస్టిక్ ఎవాల్యుయేషన్‌ని నీల్సన్, మోలిక్ 1990లో ప్రతిపాదించారు, ఇప్పుడందరూ వాడే పది సూత్రాల రూపం నీల్సన్ 1994లో ఇచ్చింది. అందులో మొదటి షరతే మీరు తప్పారు: ఎవరికి వారు విడిగా చూడాలి, అయ్యాకే కలవాలి. ముందే కలిస్తే గొంతు పెద్దదున్నవాళ్ల లిస్టే టీమ్ లిస్టు అవుతుంది. ఒక్కొక్కరు యాప్ మొత్తం రెండుసార్లు తిరగండి, మొదటిసారి ఊరికే, రెండోసారి సూత్రాలు పక్కన పెట్టుకుని. తర్వాత లిస్టులు కలిపి, ఒక్కో సమస్యకి తీవ్రత 0 నుంచి 4 దాకా మళ్లీ ఎవరికి వారే వేసి సగటు తీయండి. ఒకే సమస్యకి ఒకరు 1, ఇంకొకరు 4 వేసినచోట ఆగండి. నా క్లాసులో అసలు చర్చ జరిగేది అక్కడే. ఒకసారి 'వెనక్కి' నొక్కితే ఫారంలో నింపినదంతా పోతోందన్న దానికి ఒక అమ్మాయి 1 వేసింది, "మళ్లీ నింపుకుంటారు, ఏముంది" అని. పక్కనున్న అబ్బాయి 4 వేశాడు, ఎందుకంటే ఆ ఫారం వాళ్లమ్మ నింపుతుండగా పోయిందట. ఆవిడ ఇక ఆ సైట్ మొహం చూడలేదట.

పై రిప్లైలో టెస్ట్ కేసులు అందరూ రాయాలన్నారు, ఒప్పుకుంటాను, కానీ నాలుగు వారాల్లో అందరూ అన్నీ చేయలేరు. నేనైతే పనులు వారం వారం తిప్పుతాను. ఈ వారం సెషన్ నడిపినవాళ్లు వచ్చే వారం నోట్స్ రాస్తారు, బగ్‌లు ఎక్కించినవాళ్లు వాటిని మళ్లీ రప్పించి సరిచూస్తారు. దానికి తోడు టెస్టర్లైన బాక్ సోదరులు 2000లో తయారుచేసిన సెషన్ పద్ధతి వాడండి: గంట, గంటన్నర సెషన్, ముందు ఒక్క వాక్యంలో లక్ష్యం ("గడువు పెంచడం చుట్టూ తేదీల గందరగోళం వెతకాలి"), అయ్యాక ఏం చేశాం, ఏం దొరికింది, ఏది మిగిలిందని అర పేజీ నోట్స్. ఏ ఖాతాతో చేశామో గుర్తులేదన్నారు చూడండి, ఆ అర పేజీ ఉంటే ఆ తిప్పలుండేవి కావు. మీ మేడం అడిగితే ఎవరు ఏం చేశారన్నది కూడా అందులోనే ఉంటుంది.

61 గురించి. బగ్‌ల సంఖ్యకి మార్కులిస్తే ఏమవుతుందో నేను చూశాను, ఒకే స్పెల్లింగ్ తప్పు ఆరు పేజీల్లో ఉందని ఆరు బగ్‌లు ఎక్కించారు. తప్పు వాళ్లది కాదు, నేను పెట్టిన రూల్‌ది. తర్వాతి ఏడాది నుంచి ఒక్కొక్కరు తమ బగ్‌లలో మంచివి మూడు ఎంచుకుని, ఎందుకు మంచివో రాయమంటున్నాను. దిద్దడానికి నాకూ హాయిగా ఉంది.

ఇక ఆ రెండో టీమ్. చాట్ ఆపేయండి. రెండు టీమ్‌ల నుంచి ఇద్దరేసి కూర్చుని, ఒక్కో బగ్‌కి రెండు నిమిషాలు, వాళ్ల మెషిన్ మీదే మీరు చేసి చూపించండి. తర్వాత యూజర్ సెషన్లకి వాళ్లలో ఒకరిని పిలిచి వెనక కూర్చోబెట్టండి, మాట్లాడకూడదన్న షరతు మీద. తను కట్టినదాన్ని ఇంకొకరు వాడలేక తిప్పలు పడుతుంటే చూడడం చాలా ఇబ్బందిగా ఉంటుంది, మీరు వాదించాల్సింది పెద్దగా మిగలదు.

---

పోయినేడు_నేనూ

బ్రో, ఆ పని చేయని మనిషి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

మా టీమ్‌లో కూడా ఒకడు అలాగే ఉండేవాడు. మీటింగ్‌కి వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్లిపోయేవాడు. మేం గ్రూప్‌లో సెటైర్లు వేసుకుని, చివరికి సర్‌కి కంప్లైంట్ ఇద్దామనుకున్నాం. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఆయన 1913లోనే చూపించాడట, తాడు లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతుందని. సరే, మనవాడు కూడా అదే బాపతు అనుకున్నాం. తీరా అడిగితే విషయం ఏంటంటే, మేం ఆటోమేషన్ అని సెలీనియం (బ్రౌజర్‌లో దానంతట అదే క్లిక్ చేసి పరీక్షించే టూల్) పెట్టాం, అది వాడి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలే అవ్వలేదు. మొదటి వారం అడగడానికి సిగ్గుపడ్డాడు, రెండో వారం ఇంకా సిగ్గు, మూడో వారానికి అడిగే మొహమే లేదనుకున్నాడు. ఇరవై నిమిషాల పని!

వాడికి చేత్తో టెస్ట్ చేసే సెషన్లు ఇచ్చాం. వాడు పట్టినంత విచిత్రమైన బగ్‌లు ఎవరూ పట్టలేదు, ఎందుకంటే మేమందరం యాప్ ఎలా పనిచేయాలో బట్టీ పట్టేసి ఉన్నాం, వాడికి ఏమీ తెలీదు. పేరు గడిలో ఒక ఎమోజీ మాత్రమే పెట్టి సేవ్ చేశాడు, ప్రొఫైల్ పేజీ మళ్లీ తెరుచుకోలేదు.

అడిగి చూడు. నిజంగానే బద్ధకస్తుడైతే అప్పుడు కంప్లైంట్ ఎలాగూ ఉంది.

---

ఖాళీ_టెస్ట్‌కేస్

రెండు వారాల తర్వాత అప్‌డేట్. అందరికీ థాంక్స్.

త్రిభుజం పరీక్ష పెట్టుకున్నాం. నాకు 14కి 5. అందరికంటే ఎక్కువ, 9, ఎవరికి వచ్చిందో తెలుసా, ఆ పని చేయనివాడికే. (అడిగా బ్రో. ఇన్‌స్టాల్ సమస్య కాదు, బగ్ ట్రాకర్‌కి వాడికి లాగిన్ ఇవ్వడమే మర్చిపోయాం. వాడు అడగలేదు, మేం చూడలేదు.)

రెండు జంటలుగా గడువు పెంచే భాగం టెస్ట్ చేశాం. ఒక జంటకి 14, ఇంకో జంటకి 9, రెండింట్లోనూ ఉన్నవి మూడే. లెక్క కడితే 42. అంటే మేం చూసింది 20, ఇంకో 22 లోపలే ఉన్నాయట. ఈ ముక్క ప్రజెంటేషన్‌లో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది కానీ మేడం మాత్రం మొదటిసారి నవ్వారు.

ఫిబ్రవరి 15 పెట్టి చూశాం. గడువు "ఫిబ్రవరి 29" అని వచ్చింది. 2024కి కరెక్టే, 2025కి కూడా అదే వచ్చింది!

నిన్న మొదటి యూజర్ సెషన్. ఆ టీమ్ నుంచి ఒకతన్ని వెనక కూర్చోబెట్టాం. వచ్చినమ్మాయి పుస్తకం రిజర్వ్ చేసింది, అయిందని యాప్ ఎక్కడా చెప్పలేదు, మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది. "అయిందా? అవ్వలేదేమో... పోనీ ఇంకోసారి" అని పైకే అంటోంది. నేను నాలుక కరుచుకుని కూర్చున్నా. నాలుగోసారి బటన్ బూడిదరంగులోకి మారింది. ఒకే పుస్తకాన్ని నాలుగుసార్లు లెక్కేసుకుని తన పరిమితి దాదాపు అయిపోయింది పాపం. వెనకున్నతను ఏం మాట్లాడలేదు, ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. రాత్రి మేం బగ్ ఎక్కించడానికి కూర్చునేసరికి ఫిక్స్ కూడా వచ్చేసింది.

ఇప్పుడు దాన్ని మా లెక్కలో వేసుకోవాలా వద్దా అని మా టీమ్‌లో కొత్త గొడవ.